రెండున్నర శ్రుతి

ఆ క్యాసెట్టూ ఆ సీడీ రెండూ ఇప్పటికీ నా బీరువాలో పక్కపక్కనే ఉన్నాయి. క్యాసెట్టు మా ఆర్కెస్ట్రాది. సీడీ మా ఆర్కెస్ట్రా వదిలి వెళ్లిపోయిన సింగర్ సొంతంగా చేసుకున్నది. రెండింట్లోనూ పాడింది అతనొక్కడే. ఒక పాటైతే రెండింట్లోనూ ఉంది. మా లీడర్ గారు కట్టిన వాన పాట, బస్టాపులో తడుస్తూ నిలబడ్డ ఒకతని గురించి. ఎవరికి వినిపించినా క్యాసెట్లోదే బాగుందంటారు. ఎందుకు బాగుందంటే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. అసలు కారణం తెలిసినవాళ్లం అప్పట్లో ఇద్దరమే. ఒకరు లీడర్ గారు, ఇంకొకణ్ణి నేను.

నేను కీబోర్డు వాయించేవాణ్ణి. అది ఆదివారాల్లోనూ ముహూర్తాలున్న రోజుల్లోనూ చేసే పని. మిగతా రోజుల్లో అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో డేటాబేస్ కోర్సు చెప్పేవాణ్ణి. పొద్దున ఏడింటి బ్యాచ్‌కి కుర్చీలు చాలక పిల్లలు కిటికీ గట్టు మీద కూర్చునేవాళ్లు. ఏ అంతస్తు చూసినా బ్యానర్లే. లిఫ్టు ఎప్పుడూ పనిచెయ్యదు. కింద గేటు దగ్గర నిలబడి కాగితాలు పంచేవాడు, ఏళ్ల తరబడి అవే మెట్లెక్కుతున్న నా చేతిలో కూడా రోజూ ఒక ‘ఫ్రీ డెమో’ కాగితం పెట్టేవాడు. నేనే డెమో ఇచ్చేవాణ్ణిరా నాయనా అంటే, తీస్కో సార్ ఏం పోతది అనేవాడు. ఒళ్లు మండేది.

మా ఆర్కెస్ట్రా గది పంజాగుట్టలో, మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక టైలరు షాపు పైన ఉండేది. నేను చేరే నాటికి అందులో గిటారు ఉంది, ఫ్లూటు ఉంది, వయొలిన్ ఉంది. కీబోర్డులో ఆ శబ్దాలన్నీ వస్తాయని తెలిశాక ఒక్కొక్కరే మానేశారు, లేదా లీడర్ గారే మాన్పించారు. చివరికి మిగిలింది నా కీబోర్డు, రిథమ్ ప్యాడ్, డోలక్. లీడర్ గారు పాటలు కట్టేవారు, మైకు పట్టుకుని అనౌన్స్ చేసేవారు. అలా శ్రుతి అన్నది పూర్తిగా నా చేతి కిందికి వచ్చేసింది. ఈ సంగతి తర్వాత ముఖ్యం అవుతుంది.

సింగర్ బోరబండ నుంచి వచ్చేవాడు. పగలు బేగంపేట ఆఫీసుల్లో ఏసీలు రిపేరు చేసేవాడు. అప్పట్లో కంపెనీలు రోజుకొకటి పుట్టుకొచ్చేవి, ఏసీలు ఆగితే కంప్యూటర్లు ఆగేవి, అతనికి పనికి కొదవ లేదు. చిన్నప్పటి నుంచి వాళ్ల బస్తీ భజన మండలిలో పాడేవాడు. చదువు పెద్దగా లేదు. గొంతు మాత్రం, నిజం చెప్పాలంటే, నేను కీబోర్డు వాయించిన ఏ సింగర్‌కీ అంత గొంతు లేదు. నాకంటే ఆరేడేళ్లు చిన్నవాడు. నన్ను అన్నా అనేవాడు.

శ్రుతికి మా వాళ్ల లెక్కలో అంకెలుంటాయి. ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, అలా. అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి పోవాలి. స్టేజీ మీద మాటలతో చెప్పడం కుదరదు కాబట్టి సింగర్ పాటకి ముందు వెనక్కి తిరిగి కీబోర్డు వాడికి వేళ్లు చూపిస్తాడు. రెండు వేళ్లు ఎత్తితే రెండు. రెండు ఎత్తి మూడోది సగం మడిస్తే రెండున్నర. మా వాడు ఎప్పుడు చూపించినా రెండున్నరే చూపించేవాడు. భజన మండలిలో హార్మోనియం నేర్పిన పెద్దాయన ‘నీది రెండున్నర, ఎన్నడూ తగ్గకు’ అన్నాడట. ఎవరైనా ఎత్తు అడిగితే మనం రెండంగుళాలు కలిపి చెబుతామే, అతనికి ఆ అంకె అలాంటిది.

మొదటి ప్రోగ్రాంలోనే రెండో చరణం పైస్థాయి దగ్గర గొంతు పగిలింది. మర్నాడు లీడర్ గారు మెల్లిగా, “రెండుకి దిగుదామయ్యా, అరమెట్టేగా” అన్నారు.

“తగ్గ సార్. గొంతు గరం గాలే, గంతే. మా గురువు రెండున్నర అన్నడు,” అని మైకు కింద పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయాడు. టైలరు షాపు ముందు చాలాసేపు మూతి ముడుచుకుని నిలబడ్డాడు.

లీడర్ గారు తలుపు దగ్గరగా వేసి నా వైపు తిరిగారు. “నీ దాంట్లో అదేదో బటన్ ఉందిగా. వాణ్ణి రెండున్నరే చూపించుకోనీ. నువ్వు అది నొక్కి రెండు ఇవ్వు. వాడికి మాత్రం చెప్పకు.”

ఆ బటన్ పేరు ట్రాన్స్‌పోజ్. ఒకసారి నొక్కితే చిన్న తెర మీద మైనస్ ఒకటి అని పడుతుంది. వేళ్లు వాయించేది రెండున్నర, వినిపించేది రెండు. పాట అయ్యాక మళ్లీ సున్నాకి తెచ్చేవాణ్ణి. డోలక్ అతను నా ‘సా’ విని తన వాయిద్యం బిగించుకునేవాడు, అతనికీ అనుమానం రాలేదు. సింగర్ తెరని చూసే అవకాశమే లేదు, జనం వైపు తిరిగి పాడేవాడు కాబట్టి. ఏడేళ్లు అలా నడిచింది. అతను మూడో వేలు సగం మడవగానే నా ఎడమ బొటనవేలు దానంతటదే బటన్ మీదికి పోయేది.

ఆ ఏడేళ్లూ అతని గొంతు ఎక్కడా పగల్లేదు. రిసెప్షన్లు, కంపెనీల వార్షికోత్సవాలు, వినాయక మండపాలు, ఎక్కడ పాడినా వాన పాటకి ఒన్స్‌మోర్. క్యాసెట్టు అప్పుడే, ఒక స్టేజీ ప్రోగ్రాంలో రికార్డు చేశాం. ఒకసారి టీ తాగుతూ నాతో అన్నాడు, “ఇంట్ల ఎంత మొత్తుకున్నా రెండున్నర అందదన్నా. స్టేజీ ఎక్కంగనే మస్తు అందుతది. అంతా మైకు మహిమ.”

నేను టీ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నాను. ఆ సాయంత్రం లీడర్ గారికి చెబితే ఆయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

అతను వదిలి వెళ్లడానికి కారణం బ్యానరు. బ్యానరు మీద తన ఫోటో పెద్దదిగా వెయ్యమన్నాడు. లీడర్ గారు ఆర్కెస్ట్రా అంటే అందరిదీ అన్నారు. “జనం నన్ను జూసి వస్తుండ్రు సార్” అన్నాడతను. అందులో అబద్ధం లేదు, అందుకే లీడర్ గారికి కోపం వచ్చింది. నాలుగు మాటలు అనుకున్నారు. అతను మళ్లీ ఆ మెట్లెక్కలేదు.

ఏడాది తర్వాత సీడీ వచ్చింది. సొంత డబ్బుతో, కృష్ణానగర్‌లో ఒక చిన్న స్టూడియోలో చేసుకున్నాడు. అట్ట మీద నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఎవరిదో మోటారు సైకిల్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఎనిమిది పాటలు. ఏడు కొత్తవి, ఎనిమిదోది మా వాన పాట. నేను పంజాగుట్టలో కొని, పొద్దుటి బ్యాచ్ అయ్యాక ల్యాబులో ఒక్కణ్ణే కూర్చుని విన్నాను.

వింటూనే అర్థమైపోయింది. స్టూడియోలో నీ శ్రుతి ఎంత అని అడిగి ఉంటారు. ఇతను రెండున్నర అని ఉంటాడు. వాళ్లు రెండున్నరలో ట్రాక్ చేసి పెట్టారు. అక్కడ బటన్ నొక్కేవాడు లేడు. కొత్త పాటల్లో రెండు మూడు నిజంగా మంచివి, లీడర్ గారి బాణీల కంటే సాహసం ఉంది వాటిలో. మా ఆర్కెస్ట్రాలో అతను ఎప్పుడూ చెయ్యని గమకాలు ఉన్నాయి. కానీ పైస్థాయికి వచ్చేసరికి ప్రతి పాటలోనూ అతను పాడటం మానేసి మోస్తున్నాడు. వినేవాడి మెడనరాలు కూడా బిగుసుకుపోతాయి. అరమెట్టు, అంతే. అరమెట్టు దించి ఉంటే ఆ సీడీ మా క్యాసెట్టుని తలదన్నేది. ఈ మాట నేను అప్పుడు ఎవరితోనూ అనలేదు.

మేం టీకి చేరే ఇరానీ హోటల్లో మాత్రం పోలికలు జోరుగా సాగాయి. డోలక్ అతను, “బ్యాండ్ల ఉన్నప్పుడే మస్తుండె. ఇది ఎవలో పీక పట్టుకున్నట్టున్నది” అన్నాడు. నా స్టూడెంట్లలో పాటల పిచ్చి ఉన్నవాళ్లు, ఒంటరిగా వెళ్లాక ఆ ఫీల్ పోయింది సార్ అన్నారు. ఇంకొకడు, మిషన్ రిథమ్ వల్ల చెడిందన్నాడు. లీడర్ గారు కుర్చీలో వెనక్కి వాలి, “చూశావా, మనం లేకపోతే ఏమయ్యాడో” అన్నారు. ఆయనకి తెలుసు, నాకు తెలుసు. అయినా ఆ మాట ఆయన నమ్మినట్టే అన్నారు, నేను నమ్మినట్టే తలూపాను. నాకు లోపల హాయిగా ఉంది. ఇన్నేళ్లూ స్టేజీ మీద వెనక లైటు పడని మూలలో కూర్చున్నవాణ్ణి. మా వల్లే అతను బాగుండేవాడని నలుగురూ అంటుంటే, కాదని చెప్పడానికి నోరు రాలేదు.

తర్వాత కొద్ది రోజులకే అతను ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చాడు. మధ్యాహ్నం, రెండు బ్యాచ్‌ల మధ్య ఖాళీ వేళ. చంకలో ఒక పాత టేప్ రికార్డర్. మెడకి మఫ్లర్. మాట బొంగురుగా, ముక్కలు ముక్కలుగా వస్తోంది. సీడీ రికార్డింగ్‌లో అరిచి అరిచి గొంతు పాడైందట, మూడు వారాలు నోరు విప్పొద్దని డాక్టరు చెప్పాడట. ఆ మూడు వారాలూ ఇంట్లో కూర్చుని మా క్యాసెట్టు వింటూ ఉన్నాడట.

“నువ్వు చదువుకున్నోనివన్నా. రెండూ ఇని చెప్పు, ఫరక్ ఏడున్నదో. అందరు బ్యాండే మంచిగుండె అంటుండ్రు. నా గొంతు పోయిందా, లేకుంటే అప్పుడు సుత ఇంతేనా?”

కంప్యూటర్లో సీడీ పెట్టాను. అతను టేప్ రికార్డర్ ప్లగ్గు పెట్టాడు. వాన పాట ఒకదాని తర్వాత ఒకటి విన్నాం. నేను నా తెలివంతా ఖర్చు పెట్టాను. ఎదురుగా జనం ఉంటే పాట వేరు, స్టూడియో గదిలో వేరు అన్నాను. మిక్సింగ్‌లో గొంతు ముందుకి తోశారన్నాను. డోలక్ వాయించే చేతి పనితనం మిషన్‌కి రాదన్నాను. అన్నీ నిజాలే. అతను బుద్ధిగా విన్నాడు. విని, వేలితో టేప్ రికార్డర్ చూపించాడు.

“అదంతా సరే గానీ, వెంటవెంట పెడితే గీ క్యాసెట్ల పాట జర కిందికి ఇనొస్తలేదా? మా మండలి హార్మోనియం మీద పెట్టి చూసినన్నా. రెండుల పలుకుతుంది. రెండున్నరల కాదు.”

ఇంత చెవి ఉన్నవాణ్ణి ఏడేళ్లు ఎలా మోసం చేశామో అనిపించింది.

“శ్రుతిల ఏమన్న ఫరక్ చేసేటోళ్లా మీరు?” అన్నాడు. అందులో నింద ఏమీ లేదు. మామూలుగా అడిగాడు.

అప్పుడు చెప్పాల్సింది. గది ఖాళీగా ఉంది, తలుపు వేసి ఉంది, అడిగినవాడు నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. లీడర్ గారికి ఇచ్చిన మాట గుర్తొచ్చిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. చెబితే హోటల్లో ఆ మాటలు ఆగిపోతాయి, బ్యాండే గొప్పదన్న ముచ్చట ముగుస్తుంది. అదీ నాకు గుర్తొచ్చింది.

“అబ్బే, రెండున్నరే,” అన్నాను. “నీ టేప్ రికార్డర్ బెల్టు లూజై ఉంటుంది. స్లోగా తిరిగితే శ్రుతి కిందికి వినిపిస్తుంది. పాతది కదా.”

అతను టేప్ రికార్డర్‌ని తిప్పి చూశాడు. ఏసీ బ్లోయర్లలో బెల్టులు లూజవడం రోజూ చూసేవాడు. అతని పనికి సంబంధించిన మాటే దొరికింది నాకు, ఏం చెప్పను. “అవునన్నా, గంతే అయ్యుంటది,” అని వైరు చుట్టుకుని, టేప్ రికార్డర్ మళ్లీ చంకలో పెట్టుకుని వెళ్లాడు.

రెండు నెలల తర్వాత పంజాగుట్టలో ఒక పెళ్లి ప్రోగ్రాం వచ్చింది. పగటి ముహూర్తం, భోజనాల ముందు గంటన్నర పాటలు. పెళ్లికూతురి తరఫు బంధువుల్లో సినిమాలకి సంగీతం చేసే ఒకాయన ఉన్నాడని, ఆయన వస్తున్నాడని తెలిసింది. ఆశ్చర్యంగా, లీడర్ గారే వెళ్లిపోయిన సింగర్‌ని పిలిపించారు. “వాన పాట వాడే పాడాలి. ఆయన వింటే వాడికి దారి దొరుకుతుంది. నాకేం వాడి మీద పగా?” అన్నారు. ఆయనలో అలాంటి మంచితనం ఉండేది, అప్పుడప్పుడు.

అతను కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. గొంతు బాగైంది. నా పక్కకి వచ్చి, ఎవరూ వినకుండా, “అన్నా, ఇయ్యాల ఆయన ఇంటే చాలు. ఇగ ఏసీల పని జర్రంత తగ్గించుకుంట” అన్నాడు.

సంగీతం ఆయన రెండో వరసలో కూర్చున్నాడు. వేరే సింగర్ అయిదారు పాటలు పాడాక లీడర్ గారు వాన పాట అనౌన్స్ చేశారు. అతను మైకు తీసుకుని వెనక్కి తిరిగి నాకు వేళ్లు చూపించాడు.

రెండు. మూడో వేలు పూర్తిగా మడిచి ఉంది.

చూపిస్తూ తల కొంచెం దించుకున్నాడు. గొంతు పోయింది, ఇక రెండే నా గతి అనుకున్నాడని నాకు తర్వాత అర్థమైంది. ఆ క్షణంలో ఏమీ అర్థం కాలేదు. వాన పాట, అతను, వేళ్లు. నా బొటనవేలు దానంతటదే పోయి బటన్ నొక్కింది.

పాట ఒకటిన్నరలో మొదలైంది. పల్లవి ఎత్తుకోవడమే మంద్రంలో ఉంటుంది. ఆ మొదటి మాట అతని నోట్లోంచి బయటికే రాలేదు, గొణుగుడులా మైకులో పడింది. రెండో పాదం కూడా అంతే. ముందు వరసలో ఎవరో చేతి వాచీ చూసుకున్నారు. నాకు అప్పుడు తెలిసింది నేనేం చేశానో. కానీ రెండు చేతులూ కీబోర్డు మెట్ల మీద ఉన్నాయి, పల్లవి మధ్యలో శ్రుతి మారిస్తే పాట కుప్పకూలుతుంది. పల్లవి అలాగే ఈడ్చాం.

పల్లవి అయ్యేసరికి, ఎవరో లోపలి నుంచి వచ్చి భోజనాలకి మొదటి బంతి వేశారని చెప్పారు. రెండో వరసలో సంగీతం ఆయన లేచి, కండువా సర్దుకుని, పక్కవాళ్లతో మాట్లాడుతూ భోజనాల హాలు వైపు నడిచాడు.

పల్లవికీ చరణానికీ మధ్య ఇంటర్‌లూడ్‌లో అతను మైకు దించి నా దగ్గరికి వచ్చాడు. ఏడేళ్లలో ఎప్పుడూ రానివాడు కీబోర్డు ఇవతలికి వచ్చి తెర చూశాడు. మైనస్ ఒకటి. కృష్ణానగర్ స్టూడియోల్లో తిరిగాక అదేమిటో అతనికి తెలుసు. దాన్ని చూశాడు, నా బొటనవేలు చూశాడు, నా మొహం చూశాడు. నేను వాయిస్తూనే ఉన్నాను. అతనే చెయ్యి చాపి, పక్క బటన్ ఒక్కసారి నొక్కి, సున్నా చేశాడు. తిరిగి వెళ్లి జనం వైపు నిలబడ్డాడు.

చరణాలు రెండూ రెండు శ్రుతిలో పాడాడు. క్యాసెట్లో ఎలా ఉందో అలా, ఇంకా చెప్పాలంటే సీడీలో నేర్చుకున్న గమకాలన్నీ కలిపి, దానికంటే బాగా. పైస్థాయిలో ఎక్కడా మొయ్యలేదు, ఊరికే నిలబడి పాడాడు. రెండో బంతి కోసం కూర్చున్న ముసలివాళ్లూ, ఖాళీ కుర్చీలూ విన్నాయి. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుతో.

పాట అయ్యాక లీడర్ గారు భుజం తట్టి ఏదో అన్నారు. అతను నవ్వి నమస్కారం పెట్టాడు. ఆయనకి ఏమీ చెప్పలేదు. నేను కీబోర్డుని సంచీలో పెడుతూ వంగి ఉన్నాను. జిప్పు పట్టడం లేదు. అతను వచ్చి, సంచీ రెండు అంచులూ దగ్గరికి లాగి పట్టుకున్నాడు. జిప్పు పడింది.

“బెల్టు రెండు సార్లు మార్చినన్నా,” అన్నాడు. “అయినా రెండుల్నే పలికింది. మోటారు సుత మార్చిన. నా పనే నాకు వస్తలేదనుకున్న.”

నేను సంచీ భుజానికి ఎత్తుకుని తల పైకెత్తేసరికి అతను బోరబండ బస్సు కోసం రోడ్డు దాటడం కిటికీలోంచి కనిపించింది.